సోహార్‌ల ఐసు బండి

తెల్లారగట్ల మూడున్నర.
సోహార్ కార్నిష్ మీద సముద్రం కూడ చెమటోడుస్తున్నది.
నలభై సంచుల ఐసు దించి
సంతకం పెట్టించుకొని పోవుడే నా పని.
బీనా సిస్టర్ ఆపింది, తన మలయాళపు హిందీల:
"ఒక మనిషి తక్కువున్నడు, ఉంటవా?"
ఉన్న.

ముక్కాలి స్టాండు మీద ఒక నల్ల గుండు,
పక్కన తడి గుడ్డ చుట్టిన గాజు గొట్టం.
ఎండ ఒక్కటే కాదంట లెక్క,
ఉక్క కూడ, గాలి కూడ.
ఆ నల్ల గుండు వద్దంటే
ఎంతటి పందెమైనా ఆగాల్సిందేనంట.
మా సైట్లల్ల మనిషి తలకాయే నల్ల గుండు.
అది వద్దన్నా
వినేటోడుండడు.

ఉరికేటోళ్లను ముందే తూకమేసిన్రు
పత్తి బస్తాల లెక్క.
ఉరికొచ్చినంక మళ్ల తూకం,
ఎంత ఆవిరైతే అంత రాసుకున్నరు.
బరువు పెరిగినోళ్లను మాత్రం పక్కకు కూసోబెట్టిన్రు.
ఒట్టి నీళ్లు మస్తుగ తాగితే
నెత్తుట్ల ఉప్పు పలచబడుతదంట.
దూపకు కూడ ఒక కొలత ఉంటదని
నాకు ముప్పై తొమ్మిదో ఏట తెలిసింది.

ఏడు దాటినంక తీసుకొచ్చిన్రు, మూడొందల పద్దెనిమిదిని.
"నీ పేరేంది?" అని సిస్టర్ అడిగితే
ఛాతీ మీది నంబరు చెప్పిండు.
ఇంకోసారి అడిగితే నవ్విండు.
ఆ నవ్వు చూసి సిస్టర్ మొఖం మారింది.
నలభై ఒకటి పాయింట్ ఎనిమిది.
అంబులెన్సు డ్రైవరు తలుపు తెరిసి నిలవడ్డడు.
"ఇప్పుడే కాదు" అన్నది,
"ముందు చల్లార్చాలె. తర్వాతే తీసుకపోవాలె."

మెడ దాక ఐసు నీళ్ల తొట్ల ముంచినం.
చంకల కింద తువ్వాల వేసి
వెనుక నుంచి, మునగకుండ పట్టుకొని నేను.
చలి దేశమోడు. గురువారం దిగిండంట,
శనివారం ఉరికిండు.
"ఈ ఎండను ఒళ్లు నేర్సుకునేటందుకు
పద్నాలుగు దినాలు పడుతది,
రోజింత, రోజింత..."
సిస్టర్ గడియారం చూసుకుంట గొణుగుతనే ఉన్నది.

నేనూ గురువారమే దిగిన.
శనివారం పొద్దుగాల రేకుల మీద ఉన్న.
ఐసు బండి, లైసెన్సు, ఇవన్ని తర్వాతి ముచ్చట.

పదమూడు నిమిషాలు.
నా చేతులు మోచేతుల దాక నావి కాకుండ పోయినయి.
ముప్పై తొమ్మిదికి రాంగనే బయటికి తీసినం.
వాడు వణికి, కక్కుకొని,
వాని భాషల ఎవరినో పిలిచి,
మెల్లగ నా దిక్కు తిరిగి
పేరు చెప్పిండు.
మారెక్.

ఇగ రాజలింగు.
మూడేండ్ల కింద, జూలైల, ఫలజ్ దిక్కు గోదాం.
పనిల చేరి మూడో రోజు.
నిచ్చెన దిగి గోడతోని ముచ్చట పెట్టిండంట.
పికప్పు వెనుక పండబెట్టి
నలభై నిమిషాల దూరం దవాఖానకు ఉరికిచ్చిన్రు.
గేటు కాడ నా బండి అడ్డమున్నది,
చేపల మార్కెట్టుకు పోయేటి
అరవై సంచుల ఐసుతోని.
హారన్ కొట్టిన్రు.
నేను బండి వెనుకకు తీసి
దారిచ్చిన.

ఇప్పుడు సీటు వెనుక ఒక నీలి టార్పాలిన్ ఉంటది.
నాలుగు మూలలు నలుగురు లేపి పడితే అదే తొట్టి.
మెట్‌పల్లిల పసుపు ఆరబోసినోణ్ణి,
టార్పాలిన్ పట్టుడు నాకెవరు నేర్పాలె?
సైట్ల పొంటి పోయినప్పుడు ఫోర్మన్లకు చెప్త:
గోడతోని మాట్లాడేటోడు కనవడితే
దవాఖానకు కొట్టున్రి, నాకు గూడ కొట్టున్రి,
నేను దగ్గరనే ఉంట.
కొందరు నవ్వుతరు.
ఒక బంగ్లా పోరడు మాత్రం
నంబరు హెల్మెట్టు లోపల రాసుకున్నడు.

దినాం లెక్కల మూడు సంచులు తక్కువొస్తయి.
సేటు అడిగితే
కరిగినయని చెప్త.
ఎండ గదా, సేటు.