నాలుగో గీత

రసూల్‌పురాల నా కుట్టుమిషన్ మీదికెల్లి
బేగంపేట విమానాలు పోయిన కాలం నుంచీ
పైలట్ల భుజాలు నాకు ఎరుకే.
ఎవరి ఎడమ భుజం జారి ఉంటదో,
ఎవరు జీతం పడ్డంకనే చొక్కా కుట్టిచ్చుకుంటరో.

రెండు కంపెనీలు ఒకటైనయని పేపర్ల సదివిన.
మంచిదే అనుకున్న.
రంగు మారితే రెండు వందల జతలు!

మొన్న మాపటేళ దేవసహాయం సారు వచ్చిండు.
పదకొండేండ్ల కింద నాలుగో గీత కుట్టినప్పుడు
కరాచీ బిస్కెట్ల డబ్బా తెచ్చిన మనిషి.
కొత్త నీలం గుడ్డ తడిమి చూసి
"మూడు చాలు మల్లారీ" అన్నడు.

జాబితాలు కలిపిండ్రంట.
నాలుగు వందల పన్నెండో నంబరు సారు
పదకొండు వందలు దాటి యాడనో తేలిండంట.
ఇగ కుడి సీటే.
ఎడమ సీట్ల, ఈయన దగ్గర నేర్చుకొని
అవతలి కంపెనీకి ఉరికిన పిల్లగాడు.
"బుద్ధిమంతుడే, ఇప్పటికీ సార్ అంటడు"
అన్నడు గని, నా దిక్కు చూడలే.

నేనేమన్న?
కొత్త గుడ్డ సార్, పాత సూది బొక్కలు కానరావు,
ఎవరికి తెలుస్తది అన్న.
"నీకు తెలుసు గదా."

రేపటికే కావాలంట.
తెల్లారగట్ల మూడింటికి శంషాబాద్‌ల రిపోర్టు,
నాలుగు రోజులు ఇంటి మొకం చూసుడు లేదు,
అడిగితే కొత్త రోస్టరంతే అంటరంట.

కూలి నాలుగు గీతలకే ఇచ్చిండు.
చిల్లర ఏరుకొని తలెత్తేసరికి
మెట్లు దిగి పోయిండు.
మిషన్ కింద
బంగారు జరీ ముక్క, బెత్తెడు.
ఊడ్వబుద్ధి కాలే.