ఎనిమిదో టేకు

దేవరకొండ కేబుల్‌ల శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు
మా 'ఉత్తుత్తి సత్యాలు' వస్తది.
పేరుమోసిన డాక్యుమెంటరీలకు మేం తీసే ఎక్కిరింపు.
పులుల సినిమాకు మా గల్లీ పిల్లులు,
మంచుకొండల సినిమాకు ఐస్ గోలా బండి,
యుద్ధం సినిమాకు రెండు కల్లు దుకాణాల పంచాయితీ.
గొంతు నాది.
ఎట్ల బరువెక్కాల్నో దానికి ఎరుకే.
మాట చివర్ల జరంత ఆగి,
అవుతల ఏదో మునిగిపోయినట్టు
ఊపిరి ఇడువాలె:
"ఇక్కడ... బతుకు... ఇంకా... నడుస్తూనే ఉంది."
అంతే, పడిపడి నవ్వుతరు.

ఏడో భాగానికి మా నీళ్ల సినిమానే పట్టుకున్నం.
ఇరవై ఏండ్ల కింద పట్నంకెల్లి కారేసుకొని వచ్చి తీసిన్రు.
ఏవేవో దేశాల్ల బహుమానాలొచ్చినయంట,
ఊరికి సీడీ గూడ రాలే.
మొన్న ఎవలి ఫోన్లనో దొరికితే
మొదటిసారి చూసినం.
నెర్రెలిచ్చిన చెరువు. పిల్లనగ్రోవి.
గారవట్టిన పండ్ల మీద మెల్లగ, మెల్లగ జరిగే కెమెరా.
వంకరవోయిన మోకాళ్లు,
ఆ మోకాళ్ల మీద ఎర్రటి పొద్దు.
పదకొండు సెకండ్లు మా చిన్నమ్మ ఈదమ్మ,
నెత్తి మీద బిందె, బండల తొవ్వ.
కింద పేరు లేదు.
'ఒక స్త్రీ' అని ఉన్నది.

మనం నవ్వేది సినిమాను, మోకాళ్లను కాదు
అని ఒకలికొకలం చెప్పుకున్నం.
చెప్పుకోవలసొచ్చిందంటేనే
ఎక్కడనో గుచ్చుకుంటున్నట్టు.

డైరెక్టర్ వేషం రాపోలు శ్రవణ్‌ది.
ఖద్దరు లాల్చి, మెడల రుమాలు,
పొద్దును జర కిందికి దించుమని అసిస్టెంటును తిట్టుడు.
కుంటే వేషం ఐలేశుది.
రెండు దినాలు అద్దం ముంగట కుంటిండు.
షూటింగ్ నాడు బక్కయ్య తాత కట్టె వట్టుకొని వచ్చి,
అరుగు మీద కూసొని, చూసి చూసి,
"అట్ల గాదురా, నొప్పి ఎడమ కాలుదైతే
భుజం గూడ అటే ఒరుగుతది" అన్నడు.
లేసి నడిచి చూపిచ్చిండు. మూడడుగులు.
ఎవ్వలం నవ్వలే.
ఆయననే నవ్విండు:
"ఏందిరా, మంచిగ చేయలేనా?"

ఇగ ఈదమ్మ.
నా వేషం నేనే ఏస్తనని మొండికేసింది.
అప్పుడు చెప్పింది.
ఇన్నేండ్లు కడుపుల దాసుకున్నదో,
ఎవ్వలు అడుగక ఉండిపోయిందో.
"ఏడుమాట్ల నడిపిచ్చిన్రు బిడ్డా.
నవ్వకన్నరు. చెప్పులిడువుమన్నరు.
ఏడోమాటుకు పొద్దు కుదిరిందంట.
బిందె ఉత్తదే.
నిండు బిందైతే మెడ గట్టిగ నిలవడ్తది,
బాధ కనవడదన్నరు."

శ్రవణ్ ఎగిరి దుంకిండు, ఇదే జోకని.
నేను కాయిదం తీసిన.
ఆమె రాయనియ్యలే.
"ఉత్త బిందె వాళ్ల నిజంల ఉండనే ఉన్నది.
మీ అబద్ధంలనన్న నిండ పొయ్యిన్రి."

నల్లా కింద వెట్టి నింపినం.
ఎత్తుకున్నది, చెప్పులతోనే.
అడుగేస్తుంటే నీళ్లు తొణికి
చెవి మీద, మెడ మీద, రైక మీద.
గిలిగింతలైనట్టు నవ్వుకుంట పోతనే ఉన్నది.
కెమెరా వట్టినోడు కట్ అనుడు మరిచిండు.
పదకొండు సెకండ్లనుకున్నది
నాలుగు నిమిషాలైంది.
ఇంటి దాక పోయింది, బిందె దించింది,
ఆ నీళ్లతోనే మనుమని లాగులు నానవెట్టింది.

ఆ నాలుగు నిమిషాలకు నా గొంతు కావాలె.
మైకు ముంగట కూసున్న.
ఊపిరి ఇడిసిన.
ఏం రాలే.
అట్లనే పోనిచ్చినం: నడక, నీళ్ల సప్పుడు,
ఎనుక ఎవలిదో బర్రె అరుపు.
కింద రెండు ముక్కలు ఏసినం:
మేకల ఈదమ్మ. ఎనిమిదో టేకు.

శనివారం వాడంత చూసింది.
ఎక్కడ నవ్విన్రో, ఎక్కడ ఊకున్నరో
నేను లెక్క వెట్టలే.
టీవీ ముంగట ఈదమ్మ ఒక్కటే అన్నదంట:
"అయ్యో, కొత్త చెప్పులన్న ఏసుకోకపోతి."