వైద్య నివేదిక, జూలై ముప్పై

లోర్నా హాస్కెట్ ఫోన్‌లో రెండే మాటలంది:
"తీసుకోవాలా, వద్దా?"
రేపు సాయంత్రం ఆరింటికి బేరాల తలుపు మూసేస్తారు.
ఆలోగా ఒక మనిషి కాళ్ళ గురించి
నేను సంతకం పెట్టాలి.

స్టేడియం అడుగున, బట్టలుతికే యంత్రాల పక్కన నా గది.
ఇప్పుడందరూ కంప్యూటర్లో చూస్తారు, నాకింకా పాత అలవాటే.
గోడమీది దీపప్పెట్టె ముందు
ఇంకా మా జట్టుకు రాని ఎలియెసర్ మొంటాస్
ముక్కలు ముక్కలుగా వెలుగుతున్నాడు.

ఎడమ తొడ వెనక కండరం, రెండుసార్లు.
కుడి మణికట్టులో ఒక స్క్రూ, బియ్యంలో రాయిలా.
పక్కటెముకల కింద కండ, కిందటి మే నెలలో, తుమ్మితే చిరిగింది.
నవ్వకండి, తుమ్మితేనే.
నాలుగేళ్ళకి ఆరువందల నలభై ఎనిమిది ఆటలు.
అతనాడినవి రెండువందల తొంభై.

గేదెను నీళ్ళలో పెట్టి కొమ్ములు బేరమాడడం అంటే ఇదే.
కొమ్ములు బాగానే కనిపిస్తున్నాయి.
నీళ్ళ కిందే, కాళ్ళు నాలుగో మూడో.

కానీ జూన్‌లో అతన్ని చూశాను, మా డగౌట్ మెట్టుమీద నిలబడి.
రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య
గడ్డిని కోసుకుంటూ పోతోంది బంతి. పోయిన బంతే అది.
మా కుర్రాళ్ళు పరుగు లెక్కేసేసుకున్నారు.
అతను పరుగెత్తలేదు, ఒలికాడు.
మోకాళ్ళమీద ఉండగానే చెయ్యి విదిలించాడు
గుమ్మంలో చెప్పు విడిచినంత తేలిగ్గా.
మొదటి బేస్ దగ్గర గ్లవ్ టప్పుమన్నాక గాని
ఏం జరిగిందో మాకు తెలియలేదు.
అందరూ బంతిని చూశారు. నేను అతని తొడను చూశాను.
లేస్తూ ఒక్క క్షణం అరచెయ్యి అక్కడ ఆనించాడు.
ఆ ఒక్క క్షణానికే నాకు జీతమిస్తారు.

బదులుగా వాళ్ళడిగేది టోబీ వ్రానాని.
పంతొమ్మిదేళ్ళు, నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య పెరిగాడు.
మచ్చలేని భుజం, తొంభై ఎనిమిది మైళ్ళ బంతి.
వేలిమీద బొబ్బ లేచిందని వారంగా ఇక్కడే ఉన్నాడు.
పొద్దున మందు రాస్తుంటే అడిగాడు, "ఇది మానుతుందా?"
జీవితంలో ఏదీ మానకుండా పోవడం చూడని గొంతు.
మానుతుందన్నాను.
ఏ ఊళ్ళో మానుతుందో చెప్పలేదు.

మధ్యాహ్నం అవతలి జట్టు డెల్‌ఫర్డ్ ఓక్స్‌కి ఫోన్ చేశాను.
పాతికేళ్ళ నేస్తం. అబద్ధమాడడు, నిజం మొత్తం చెప్పడు.
"పనిదొంగ కాదు. నొప్పి లేదంటే మాత్రం నమ్మకు,
అతనికున్న జబ్బు అదొక్కటే."
తర్వాత చాలాసేపు
మా ఇద్దరి మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నాం.

ఇప్పుడు ఆ స్థానంలో ఆడుతున్నవాడు చాలా మంచివాడు,
ఒక్కరోజు సెలవు పెట్టడు.
బంతులు అతని పక్కనించి మర్యాదగా వెళ్ళిపోతుంటాయి.
చెత్తడబ్బా బయటపెడుతూ పొరుగింటి కోవాలిక్ ముసలమ్మ అంది:
"కొనేయండయ్యా, విరిగితే అతకడానికి నువ్వున్నావుగా!"
ముప్పై ఎనిమిదేళ్ళుగా కప్పు గెలవని ఊరు.
ఎరీ సరస్సు గాలికి కూడా ఓపిక నశించింది.

నివేదికలో ఒక గడి ఉంది: మిగిలిన యాభై ఆరు ఆటల్లో
ఎన్నింటికి పనికొస్తాడు?
ముప్పై అని రాశాను.
పది నిమిషాల్లో లోర్నా, గొంతులో నిద్ర లేదు:
"ఏ ముప్పై?"

దానికి గడి లేదు.
"నన్నడిగితే తీసుకోమంటాను లోర్నా,
నా సంతకాన్ని మాత్రం అడక్కు."
చాలాసేపు ఆమె ఊపిరే వినబడింది, తర్వాత అదీ లేదు.

ఎందుకో, పై అరలోంచి పెద్ద సైజు తొడపట్టీ తీసి
దుమ్ము దులిపాను. మళ్ళీ అక్కడే పెట్టాను. మళ్ళీ తీశాను.

తలుపు దగ్గర టోబీ.
"చూడండి, ఎండిపోయింది," అంటూ వేలు చాపాడు.
లేత గులాబీ రంగు కొత్త చర్మం.
వేలు నా చేతిలో ఉండగానే
ఫోన్ మోగింది.