ఎరువు

ఏప్రిల్ వస్తే మా వీధికి ఆకుల జబ్బు.
మాంటెవిడియోలో ఏప్రిల్ అంటే ఆకు రాలే కాలం.
ప్లేన్ చెట్లు అరచేతులంత ఆకుల్ని
జీతం అందిన తాగుబోతులా
గుప్పిళ్లతో విసిరేస్తాయి.
మురుగు కన్నాలు పూడుకుపోతాయి.
వాన పడితే రొట్టెల కొట్టు గడప దాకా నీళ్లు.

ఇల్లు కూలిపోయిన జాగాలో
నాలుగు పాత తలుపులు నిలబెట్టి పెట్టె కట్టాడు విల్మార్.
ఒకప్పుడు గుర్రబ్బండి మీద ఊరి చెత్త ఏరినవాడు.
బండి పోయింది, గుర్రమూ పోయింది.
గుర్రం పేరు ఇప్పుడు పారకి పెట్టాడు.
"పద, లుసేరో" అంటాడు కుప్ప తిరగేసేటప్పుడు.

నాది రెండో అంతస్తు. కిటికీ సరిగ్గా ఆ పెట్టె మీదకే.
ఎలుకలొస్తాయని, ఈగలొస్తాయని
మునిసిపాలిటీకి మూడు ఉత్తరాలు రాశాను.
మూడోదాంట్లో "పెంట" అన్న మాట ఏడుసార్లు.
లెక్కపెట్టుకుని మరీ.

జవాబు రాలేదు. ఎలుకలూ రాలేదు.
ఒక చలి పొద్దున ఆవిరి వచ్చింది,
కుప్ప నడినెత్తి నుంచి,
అప్పుడే మూత తీసిన కుండలోంచి వచ్చినట్టు.

కిందికి దిగాను, తిట్టడానికే.
"చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు.
మోచేతి దాకా పెట్టాను.
జ్వరమొచ్చిన పిల్లాడి పొట్టంత వేడి.
ఏం తిడదామనుకున్నానో గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి నేనూ బకెట్ మోశాను.
అందరి బకెట్లలోనూ మాతే ఆకే ఎక్కువ.
నీళ్లు తాగినట్టు మేం తాగే చేదు కషాయం,
పీల్చేశాక మిగిలే పచ్చటి తడి పిప్పి.
బకెట్ చూస్తే ఇల్లు తెలిసిపోతుంది.
మూడో నంబరు వాళ్లు పిసినారులు,
పిప్పి తెల్లబోయేదాకా వదలరు.
దర్జీ వాళ్లింట్లో గొడవైన మర్నాడు
గులాబీ కొమ్మలు మరీ పొట్టిగా తెగి వస్తాయి.

మిర్తా జూన్‌లో వచ్చింది.
ఒసిరిస్ పోయి నెలన్నర.
అతను చివరిసారి తాగిన సొరబుర్రని
కడగకుండా వంటింటి గట్టు మీదే ఉంచిందట.
బూజు బూడిదరంగు పిల్లికూనలా లేచింది.
"పారేయలేను" అంది.
"ఇక్కడ వేస్తే పారేసినట్టు కాదు కదా?"
విల్మార్ టోపీ తీశాడు.
బుర్ర బోర్లించి కొట్టింది, ఒకటి, రెండు,
మూడో దెబ్బకి ముద్దంతా ఊడిపడింది,
వెండి గొట్టంతో సహా.
ఆమె చూసిందో లేదో.
నేను చూశాను, నోరెత్తలేదు.
ఆకులు కప్పాం. ప్రార్థనలేం లేవు,
మలుపులో బస్సు హారన్ తప్ప.

ఆ రాత్రి నిద్రపట్టక ఒక మాట పట్టుకుని దొర్లాను.
ఎరువు.
పాదులో వేసేదీ అదే,
పక్కింట్లో అడిగి తెచ్చుకున్నదీ అదే.
ఎరువు సొమ్ము ఎన్నాళ్లు దాచుకుంటాం?

అక్టోబరులో జల్లెడ పట్టాం.
కిందికి రాలింది కాఫీ పొడిలాంటి నలుపు,
వాన వాసన.
పైన నిలిచినవి స్పూన్లు
(ఈ పేటలో స్పూన్లన్నీ తొక్కలతోనే మాయమవుతాయి),
ఒక కోటు గుండీ, కుళ్లనంటూ మొండికేసిన పీచు టెంక,
ఎవరూ నాటని గుమ్మడి మొలక.
దాని కాయ ఎవరిదన్న తగువు అప్పుడే మొదలైంది,
పువ్వు కూడా పుయ్యకముందే.

ఆ గొట్టం కూడా. నల్లబడింది, వంగలేదు.

మిర్తా దాన్ని ఏప్రాన్‌కి తుడిచి తుడిచి
మరిగే నీళ్లలో వేసింది.
కొత్త ఆకు నింపింది. మొదటిది తనే తాగింది,
మొదటి చేదు పోసేవాళ్లదే, అది పద్ధతి.
తర్వాత విల్మార్. తర్వాత దర్జీ.
నా దాకా వచ్చింది,
ఒసిరిస్ పెదాలు తాకిన లోహం,
నాలుగు నెలలు మన్నులో పడుకున్న లోహం.

మా ఊళ్లో బుర్ర తిరిగిస్తూ "థాంక్స్" అంటే
ఇక చాలు, నాకు పొయ్యొద్దు అని.

తాగాను. నాలుక పొక్కింది.
థాంక్స్ అనలేదు.