ఈ వారం వాటా

ఆదివారం ఏడింటికి తవుడు ఆటో
మా వీధి మలుపులో రెండు దగ్గులు దగ్గి ఆగుతుంది.
ఇరవై మూడు ఇళ్లకి ఇరవై మూడు తాటాకు బుట్టలు.
ఒక్కోదాని మీద గుడ్డపేలిక, పేలిక మీద పసుపుతో అంకె.
మాది పద్నాలుగు.

గజపతినగరం దాటాక, చంపావతి వైపు దిగితే
పారమ్మ ఎకరంన్నర.
జ్యేష్ఠంలో, నేల ఇంకా నోరు తెరవకముందే
తలా నాలుగు వేలు ఆమె కొంగులో పోశాం,
“పండితే తిందాం, ఎండితే కలిసే ఎండుదాం” అని.
అన్నది నేనే.
పోస్టాఫీసులో పార్సిళ్లు తూచేవాణ్ణి,
ఆ మాట తూచలేదు.

శ్రావణమంతా తోటకూర, బచ్చలి.
భాద్రపదంలో వరసగా నాలుగు వారాలు ఆనపకాయ.
“మళ్లీ ఇదేనా” అని విసుక్కుంటూనే మా ఆవిడ
చంటిపిల్లలా ఒళ్లో పడుకోబెట్టుకుని చెక్కు తీసింది.

ఆశ్వయుజంలో బుట్ట రంగు మారింది.
మంచు ఆరని గోగుకాడలు,
చెవి దగ్గర ఊపితే గలగలమనే బొబ్బరికాయలు,
పిడికిలి బిగించిన చోడి వెన్నులు,
ఒంటి మట్టి వదలని చిలగడదుంపలు,
ఇంటికొక్క సీతాఫలం, ఇంకా కళ్లు తెరవనిది.
బియ్యం డబ్బాలో దాచాం.
మూడోరోజుకి దాని సంగతి
వంటిల్లు దాటి పక్కింటికి కూడా తెలిసిపోయింది.

సిరిమాను తిరిగిన పన్నెండో రోజున
గాలి వచ్చింది.
దానికేదో పేరు పెట్టారు, రేడియోలో చెప్పారు,
నాకు గుర్తులేదు.
రెండు రాత్రులు మేడ మీద రేకులు వాయించి పోయింది.
కరెంటు లేదు. ఫోను లేదు.
వీధిలో కబుర్లన్నీ గోడల మీంచే.

ఆ ఆదివారం ఆటో రాలేదు.
మరుసటి ఆదివారం పదకొండింటికి వచ్చింది,
దగ్గకుండా, తవుడు తోసుకుంటుంటే.
వెనక నుంచి తోస్తున్నది పారమ్మ.
ఎన్నడూ టౌనుకి రాని మనిషి.
బుట్టలు లేవు. ఒక్క అరగోనె.

“పందిరి పడిపోనాది బాబూ.
బీర పోనాది, సిక్కుడు పూత పోనాది,
సోడిసేను నీట్ల పడుకున్నాది.
బూమి లోపలిదే మిగిలినాది.
కంద ముదర్లేదు, అయినా తవ్వీసినాను.
మరి మీ డబ్బులు...”
కొంగు చివర ముడి కోసం వేళ్లు వెతుక్కున్నాయి.

ఏడో నంబరు ఇన్సూరెన్సాయన గొంతు సవరించుకుని
“నష్టం అనేది ఏంటంటేనమ్మా” అని మొదలెట్టి
తన చెప్పులు చూసుకున్నాడు.
ఎవరింట్లోనో కుక్కరు కూసింది.

నేను త్రాసు తెచ్చాను.
చేమ కొంత, కంద కొంత,
ఇంటికి నాలుగు వందల గ్రాములు.
ఇరవై మూడు కుప్పలయ్యాక
ఇరవై నాలుగోది కూడా పోసి, నీదీ అన్నాను,
ఏదో గొప్పపని చేసినట్టు.
పారమ్మ నవ్వేసింది.
“నాకేల బాబూ? తవ్వింది నానే కదా,
పొద్దున్నే ఉడకేసుకుని తినీసే వొచ్చినాను.”
ఆ కుప్ప తవుడు తువ్వాల్లోకి వెళ్లింది.

కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు.
ఆ మధ్యాహ్నం మా వీధిలో
అందరి చేతులకీ ఉంది.
చింతపండు ఎక్కువేసినా గొంతు పట్టింది పులుసు.
పిల్లలు నీళ్లు తాగుతూ తిన్నారు.

లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది.
అక్టోబరు, నాలుగో వారం: కంద, చేమ.
పక్క గడిలో ‘బాకీ’ అని రాశాక
ఎవరు ఎవరికో తేలక
కలం మూత పెట్టేశాను.

సోమవారం కౌంటరు ముందు ఎవరో ముసలాయన
బొబ్బిలికి పార్సిలన్నాడు.
తూచాను. తొమ్మిది వందల ఇరవై గ్రాములు.
స్టాంపు తడిపి అంటిస్తుంటే
గోటి సందులోంచి ఎర్రమట్టి
దాని మూల మీద అంటుకుంది.
తుడుద్దామనుకున్నాను.
వెనక లైను పెద్దదిగా ఉంది.