తగ్గింపు కుట్టు

మొదటిసారి కోసింది గర్భసంచి కోసం.
నాకప్పుడు ముప్పై ఒకటి.
"ఇంక దాంతో పనేముంది" అన్నాడు ఆర్‌ఎంపీ,
చిరిగిన గోనె గురించి అన్నట్టు.

రెండోసారి భీమవరంలో.
మూడు రోజులు గుక్కెడు నీళ్ళు దిగలేదు, పొట్ట డోలు.
డాక్టరు హైమావతిగారు లోపలంతా చూసి
మా చెల్లెలితో అన్నారట:
"పేగుకీ పేగుకీ అతుకులమ్మా,
సాలెగూడులాంటి పొరలు. విడదీశాను.
అప్పటి గాయం మానుతూ మానుతూ
ఒళ్ళు చేసుకున్న పనే ఇది."

నవ్వొచ్చింది. కుట్లు లాగాయి. ఆపుకున్నాను.

నర్సాపురంలో మా వీధిన కొంకిసూది పట్టని ఆడదెవరు?
డజను పువ్వులకి ఇంతని లెక్కగట్టి
ఏజెంటు కోటసత్యం గుడ్డసంచిలో పోసుకుపోతాడు.
చీకట్లో కూడా చెయ్యి తప్పకుండా అల్లుతానని పేరు నాకు.
ఇన్నేళ్ళూ లోపల
ఎవరూ అడగని లేసు అల్లుతున్నానని తెలీదు.
దానికి కూలీ లేదు.

"మళ్ళీ అతుక్కోకుండా స్టెరాయిడ్ మాత్ర రాస్తాను" అన్నారావిడ.
"పనిచేస్తుందని ఒట్టేసి చెప్పలేను.
మానడాన్ని కాస్త నిదానిస్తుంది.
మరీ నిదానిస్తే పైగాయమే విచ్చుకుంటుంది."
అంటే, బాగుచెయ్ గానీ అతి చెయ్యకు అని
ఒంటికి నచ్చజెప్పాలి.
మా అమ్మకి జీవితమంతా చెప్పాం ఆ మాట.

పదిహేను రోజులకి ముఖం జిబ్బట్లా ఉబ్బింది.
"ఒళ్ళు చేశావే మాణిక్యం, కలిసొచ్చిందేంటి?"
చేపల గంప దించుతూ ఓలేటి నూకాలు.
కలిసొచ్చిందనే చెప్పాను.
రాత్రి రెండింటికి ఆకలి. చద్దన్నం, పచ్చి ఉల్లిపాయ.
నిద్ర రాక సూది పడితే వేళ్ళు వణికి
రెండు వరసలు విప్పుకోవాల్సొచ్చింది.

"ఒక్కసారిగా ఆపకూడదు సుమా" అని
చీటీ మీద రాసిచ్చారు:
నాలుగు, మూడు, రెండు, ఒకటి, అర.
ఆయ్, ఇది నాకొచ్చండి అన్నాను.
అనాసపండు డిజైను కొన ముగించడం ఇలాగే:
వరసకో కుట్టు తగ్గించుకుంటూ పోవాలి.
తొందరపడి దారం తెంపితే
పండు పండంతా ఊడి ఒళ్ళో పడుతుంది.

ఇవాళ ఆఖరి అరమాత్ర.
వశిష్ఠ మీద సఖినేటిపల్లి పంటు
మొదటి ట్రిప్పుకి మోగుతోంది.
పక్కకి ఒత్తిగిల్లితే
పొట్టలో ఏదో గుడగుడమని జారింది,
దేనికీ తగులుకోకుండా.

అనుకుంటున్నాను అంతే.
కోసి చూస్తేగానీ తెలీదు.
కోస్తే మళ్ళీ అల్లుతుంది.