నాలుగు ముఖాలు

సెల్వమణి అంగట్లో రెండు మిక్సర్లు
గాజుబల్ల మీద పక్కపక్కనే పెట్టినాడు.
ఒగటి కొత్తది, అట్టపెట్టె వాసన ఇంకా పోలేదు.
పెండ్లికి సీరియల్ లైట్లేసిన ఇల్లు మాదిరి
గుండీలన్నీ వెలుగుతా ఉండాయి.
ఇంకొగటి వేలూరి నుంచి వచ్చిన పాతది.
మూడో ఫేడరు మీద ఎవరి బొటనవేలో అరగదీసిన గుంట.

"రెండిట్లోనూ సౌండ్ కార్డు లోపలే ఉండాదన్నా,
వేరే పెట్టె కొనే పన్లేదు.
రాత్రి పెండ్లిలో వాయించుకో, పగలు ఇంట్లో పాట చేసుకో."
సెల్వమణి మాటల్లో సగం అరవం,
ధర చెప్పేటప్పుడు మాత్రం అచ్చ తెలుగు.

నా జేబులో రెడ్డెమ్మ చీటీ పాడి తెచ్చిన
ముప్పై ఒక్క వేలు.
పుంగనూరు రిసెప్షన్ అడ్వాన్సు మూడు వేలు, అది జనరేటరోడిది.
"వెలుగులు చూసి కొనబాక," అని పంపించింది.

కొత్తది కంప్యూటరుకు అన్నీ కలిపేసి పంపిస్తుంది,
పాట, మైకు, పలక, నా దగ్గు.
పెరుగన్నంలో ఉప్పు ఎక్కువైతే
తెలుస్తుంది గానీ ఏరలేము గదా.
పాతది ఏ చానెల్‌ది ఆ చానెల్ విడిగా ఇస్తుంది,
తెర మీద నాలుగు గీతలు.
కానీ క్రాస్‌ఫేడరు ఎడమకు జరిపితే బరబరా గీరుతుంది,
ఎర్త్ సరిగా లేకుంటే కందిరీగ దూరినట్టు రొద.
వారంటీ ఉండాదా అంటే
సెల్వమణి తలెత్తి ఫ్యాను చూసినాడు.

పెరుమాళ్ళు మామను తోడు తెచ్చుకున్నాను.
ఆయనకు మిక్సరంటే టెంకాయ చట్నీ.
కానీ నేను రికార్డు చేయాల్సింది ఆయన పంబను,
నెల కిందట గంగజాతరలో
నా బాక్సుల కింద నలిగిపోయిన పంబను.
సద్దు పెంచింది నేనే. ఆయన ఏమీ అనలేదు.
మర్నాడు నా ముందరే
తోలు ఎండలో ఆరబెట్టుకున్నాడు, అంతే.

మామ స్టూలు మీద కూర్చొని
ఇత్తడిదీ కొయ్యదీ, ఒకే తాటికి కట్టిన జంటను
తొడకు ఆనించుకున్నాడు.
హెడ్‌ఫోన్లు తలగుడ్డ మీదనే తగిలించుకున్నాడు.
ముందు కొత్తదాంట్లో.
నాలుగు దెబ్బలకే చెయ్యి నిలిపేసినాడు.
"అబ్బయా, నా చెయ్యి ముందొస్తాంది, సద్దు వెనకొస్తాంది.
ఎవురో నన్ను ఎక్కిరిస్తా ఉండారు."
సెల్వమణి డ్రైవరు మార్చినాడు, బఫరు తగ్గించినాడు.
ఎక్కిరింపు దగ్గరికొచ్చింది, పోలేదు.

పాతదాంట్లో కొట్టినాడు.
మొగంలో ఏమీ కదల్లేదు, చెయ్యి మాత్రం ఆగలేదు.
అంగడి ముందర ఒక ఆటో ఇంజనాపి నిలబడింది.
చానా సేపటికి అడిగినాడు,
"దీనికెన్ని ముఖాలు?"
నాలుగు, అన్నాను.
"పంబకూ నాలుగే."
మాకు బేరం ఆడనే ముగిసింది.
సెల్వమణితో ఇంకో అరగంట పట్టింది.

ఆ రాత్రి గ్రీమ్స్‌పేట గదిలో
గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి బొంత,
చర్చి నుంచి అరువు తెచ్చిన ప్రీఆంపు.
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురి లారీలు
బైపాసు మీద పలచబడేదాకా కాచుకొని
రెండున్నరకు రికార్డు చేసినాము.

తెల్లారినాక ఒక్కో గీతనూ ఒంటరిగా విన్నాను.
ఒకటోదాంట్లో ఇత్తడి. రెండోదాంట్లో కొయ్య.
మూడోది మామ మోకాలి దగ్గర పెట్టిన మైకు.
అందులో పంబ పక్కింట్లో మోగినట్టు దూరంగా ఉండాది.
దగ్గరగా ఆయన ఊపిరి,
ఊపిరి కింద లెక్క,
లెక్క మధ్యలో మోకాలి నొప్పికి ఒక బూతు,
మళ్ళీ లెక్క. ఎక్కడా తప్పలేదు.

కాఫీ తెచ్చిన రెడ్డెమ్మ విని నవ్వింది.
"ఆ మాట తీసేయొచ్చా?"
తీసేయొచ్చు. విడిగానే ఉండాది గదా.
ఫేడరు గుంటలో బొటనవేలు పెట్టినాను,
నాకు కొలత తీసినట్టే సరిపోయింది.
కిందికి లాగలేదు.

నాలుగోదాంట్లో మైకే పెట్టలేదు,
అయినా కందిరీగ.
పుంగనూరికి పోయేలోపల ఎర్త్ చూపించాల.